వంటింట్లో చెరువు హద్దు

గోడ చావుబతుకుల్లో ఉందని మొట్టమొదట కనిపెట్టింది మంగతాయారు.

పొద్దున్నే కాఫీ కలుపుతూ వంటగది గోడకి చెయ్యి ఆనించింది. అరచెయ్యి తడిసింది. వానపడి చాలా రోజులైంది. గోడలో పైపు లేదు, పైన ట్యాంకు లేదు. మరి ఈ తడి ఎక్కడిది?

ఆమె కంగారుపడలేదు. హత్య జరిగిన చోట పోలీసులు చూసినట్టు గది నాలుగు మూలలూ చూసింది. గోడ అడుగున సున్నం పొక్కులు లేచింది. గోటితో గీస్తే ఉప్పులాంటి తెల్లటి పొడి రాలింది. పడకగది తలుపు ఉబ్బి, భుజంతో తోస్తే తప్ప పడటం లేదు. నేలమీద పరిచిన రాళ్లలో ఒకటి కాలు వేస్తే డొల్లగా మోగుతోంది. చీమలు గుడ్లు నోట కరుచుకుని, వరసకట్టి గోడ పైకి కాపురం మారుస్తున్నాయి.

చివరి పరీక్ష మిగిలింది. బకెట్టు నిండా నీళ్లు పట్టుకెళ్లి గేటు దగ్గర గుమ్మరించింది. ఆ నీళ్లు న్యాయంగా పక్క సందులో ఉన్న కాలవలోకి పోవాలి. పోలేదు. పండక్కొచ్చిన కొత్తల్లుడిలా అటూ ఇటూ చూడకుండా తిన్నగా ఇంటికొచ్చి, గోడ వారన చతికిలబడ్డాయి.

"ఏవండీ! ఓసారిలా రండి. దొంగ దొరికాడు."

పేపరు చదువుకుంటున్న గంధం రాఘవులు చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఏడీ?"

"ఇదిగో." నీళ్లు చూపించింది.

రోడ్డుకీ ఇంటికీ మధ్య వాళ్లది చక్కటి దొడ్డి. వంటగది, పడకగది రెండూ అటువైపే. ఇల్లు కట్టిన కొత్తలో రోడ్డు మీంచి దొడ్డిలోకి మెట్లెక్కి రావాలి. తర్వాత ఎన్నికలొచ్చాయి. సిమెంటు రోడ్డేశారు. మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఆ రోడ్డు తవ్వకుండా దానిమీదే ఇంకో రోడ్డేశారు. నేరేళ్లపేట పట్టణంలో పాత రోడ్డు తవ్వడం అంటే పాత నాయకుణ్ని అవమానించడం కింద లెక్క. అందుకని ప్రజాస్వామ్యం బలపడేకొద్దీ రోడ్డు లేచింది. మెట్లు ఒక్కొక్కటే మునిగాయి. ఇప్పుడు రాఘవులు ఇంట్లోకి ఎవరైనా రావాలంటే దిగి రావాలి.

"చూశారుగా. వాలు మొత్తం మన గోడవైపుంది. గోడ వారన మట్టి ఎత్తుగా పోయించి, సందులో కాలవవైపు వాలుగా సర్దిస్తే సరి. వానలు పడేలోగా అవ్వాలి. ఇంకో వానాకాలం ఇలాగే తాగిందంటే ఈ గోడ నిలవదు, చెబుతున్నా."

"నిజమే తాయారూ."

"అయితే రేపే ట్రాక్టరుతో మట్టి తోలించండి."

రాఘవులు ముఖం గంభీరంగా మారింది. "పర్మిషను తీసుకోవాలి."

రాఘవులు రిటైరైన బస్సు కండక్టరు. పెళ్లయిన మర్నాడు కొత్త పెళ్లికూతుర్ని తన బస్సులోనే ఇంటికి తీసుకొస్తూ, ఆమెకి టిక్కెట్టు కొట్టి, ఆమె కాళ్ల దగ్గరున్న సారె గంపకి లగేజీ టిక్కెట్టు కూడా కొట్టిన మనిషి. బావమరిది బుల్లెబ్బాయి ఎదురింట్లోనే ఉంటాడు. ఆ గంప సంగతి ఇప్పటికీ ఊరందరికీ చెబుతుంటాడు.

"మన దొడ్డిలో మనం మట్టి పోసుకోడానికి పర్మిషనేంటండీ?"

"మునిసిపాలిటీ వాళ్లు బోర్డు పెట్టారు. నేల మట్టం మార్చాలంటే ముందుగా వాలు విభాగం అనుమతి పొందాలంట."

"ఊళ్లో ఎవరైనా పొందారా?"

"ఎవరూ పొందకపోతే మనం మొదటివాళ్లమవుతాం."

ఆ ఒక్క ముక్కతో ఆ ఇంటి తలరాత మారిపోయింది.

*

వాలు విభాగానికి అధిపతి అసిస్టెంటు ఇంజనీరు చంద్రమౌళి. ఆయన మాట్లాడుతుంటే జీవో చదువుతున్నట్టుంటుంది.

"మీ ఆవరణలో నీరు నిలుస్తోందని మీరంటున్నారు. విభాగం అనలేదు."

"తమరొచ్చి చూడండి సార్."

"చూస్తాం. అయితే నీరు నిలిచియుండగా చూడాలి. నిలవని నీటిని నిలిచినట్లు ధ్రువీకరించడానికి మాకు అధికారం లేదు."

"అయితే వానాకాలంలో దయచెయ్యండి."

"వానాకాలంలో క్షేత్ర పరిశీలనలు నిలుపుదల చేస్తాం."

"ఎందుకండీ?"

"ఎక్కడికక్కడ నీరు నిలిచిపోతుంది. సిబ్బంది వెళ్లలేరు."

రాఘవులు గొంతు సవరించుకున్నాడు. "మరి పరిశీలనలు ఎప్పుడు చేస్తారండీ?"

"వేసవిలో ముమ్మరంగా చేస్తాం."

"వేసవిలో నీళ్లుండవు కదండీ?"

"ఉండవు. అందువల్లనే దరఖాస్తులన్నీ తిరస్కరించవలసి వస్తోంది." చంద్రమౌళి నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పులో ప్రజల అజ్ఞానం మీద జాలి ఉంది.

ఇంకెవరైనా అయితే లేచి వచ్చేసేవారు. రాఘవులు కండక్టరు. చిల్లర లేదన్న మనిషి దగ్గర కూడా చిల్లర వసూలు చేసినవాడు. కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"సార్, నీళ్లు నిలిచి ఉండాలన్నారు. వాన నీళ్లే అయి ఉండాలని నియమాల్లో ఉందాండీ?"

చంద్రమౌళి నియమాల పుస్తకం తిరగేశాడు. ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ. అతని కళ్లు మెరిశాయి. "లేదు! నీటి మూలం గురించి నియమాలు మౌనంగా ఉన్నాయి. నిలిచి ఉంటే చాలు."

రాఘవులు గాల్లో తేలుతూ ఇంటికొచ్చాడు. నియమం కాపాడుతుందని అతనికి ముందునించీ నమ్మకమే.

*

మే నెల. కుళాయిలు గాలి వదులుతున్నాయి. అలాంటి ఎండలో రాఘవులు ట్యాంకరు పిలిపించి, మంచి నీళ్లన్నీ దొడ్డిలో వదిలించాడు. వీధి వీధంతా బిందెలు చంకనెట్టుకుని గేటు దగ్గర నిలబడి చూసింది.

"ఏం బావా," అని కేకేశాడు బుల్లెబ్బాయి, "ఈ వయసులో అక్కయ్యకి ఈత నేర్పిస్తున్నావా?"

"ఊరుకోరా. ఆఫీసర్లొస్తున్నారు."

"అలాగా! వాళ్లకా ఈత?"

మంగతాయారు వసారాలో కూర్చుని, తడి పీల్చుకుంటున్న గోడకేసి చూస్తోంది. "రోగం ఉందని చూపించడానికి రోగికి ఇంకాస్త విషం పోశారు," అంది ఎవరితోనూ కాకుండా.

చంద్రమౌళి మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకుని వచ్చాడు. కర్ర ముంచాడు. తీశాడు. ఎండలో కాసేపు నిలబడి, నీరు కదులుతుందేమోనని నిఘా వేశాడు. కదల్లేదు. తృప్తిగా తల ఆడించి, పైకి చదువుతూ రాశాడు.

"పల్లము సహజము. నీరు నిలిచియున్నది. ఎటునూ పోవుట లేదు."

"అంతేనా సార్? ఇంక మట్టి తోలించుకోవచ్చా?"

"పై అధికారి సంతకం ఒక్కటే తరువాయి. లాంఛనం."

రాఘవులు ఆయనకి మజ్జిగ ఇచ్చాడు. వెళ్లాక భార్యవైపు గర్వంగా చూశాడు. "చూశావా? పద్ధతి ప్రకారం వెళితే పనెలా అవుతుందో!"

ఆ మధ్యాహ్నమే ఆ రిపోర్టు కమిషనరు త్రివిక్రమరావు బల్ల మీదికి చేరింది. సంతకం పెట్టబోయిన ఆయన కలం గాల్లోనే ఆగిపోయింది.

*

కమిషనరుకి అప్పటికి కొన్ని రోజులుగా నిద్ర లేదు.

కారణం పైనుంచి వచ్చిన ఉద్యమం. పేరు 'ఊరూరా చెరువు, ఊరంతా చలువ'. ప్రతి పట్టణం తన చెరువుని వెతికి, హద్దులు పాతి, ఆక్రమణలు తొలగించి, ఫోటోలు పంపాలి. పక్క పట్టణాలు చెరువులు చూపించి శాలువాలు కప్పించుకుంటున్నాయి. నేరేళ్లపేటకి చెరువు లేదు.

అంటే, ఉండేది. బ్రహ్మాండమైన చెరువు. దాన్ని పూడ్చి మునిసిపల్ ఆఫీసు కట్టారు. మిగిలిన చోట కౌన్సిలర్లు ప్లాట్లు వేసుకున్నారు. ఓ మూల కమిషనరుగారి బంగళా కూడా లేచింది. పైవాళ్లు ఫోన్లో 'మీ పాత చెరువు ఏమైంది?' అని అడిగితే, త్రివిక్రమరావు తడుముకోకుండా జవాబిచ్చాడు. "అభివృద్ధి చెందిందండి."

అలా గుటకలు మింగుతున్న మనిషికి, మండువేసవిలో, తన పట్టణం నడిబొడ్డున, 'పల్లము సహజము, నీరు నిలిచియున్నది, ఎటునూ పోవుట లేదు' అన్న వాక్యం కనిపించింది.

ఆయన లేచి నిలబడ్డాడు. "చంద్రమౌళీ! ఇది చెరువు కాకపోతే మరేది చెరువు?"

*

మర్నాడు పొద్దున్న రాఘవులు గేటు ముందు మేళం మోగింది.

అనుమతి ఇంత వైభవంగా ఇస్తారని అతను ఊహించలేదు. కండువా వేసుకుని ఎదురెళ్లాడు. కమిషనరు అతని మెడలో దండ వేసి, రెండు చేతులూ పట్టుకుని ఊపాడు.

"అభినందనలు! మీ దొడ్డిలో చెరువు బయటపడింది!"

"చెరువేంటండీ?"

"తరతరాలుగా మరుగునపడిన జలవనరు. పట్టణ ప్రజల తరఫున మీకు కృతజ్ఞతలు."

"బాబూ, అది నేను పోయించిన ట్యాంకరు నీళ్లండీ!"

కమిషనరు చంద్రమౌళివైపు చూశాడు. చంద్రమౌళి కంఠతా వచ్చిన పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "నీటి మూలం గురించి నియమాలు మౌనంగా ఉన్నాయి. ఈ అంశాన్ని దరఖాస్తుదారుడే విభాగం దృష్టికి తెచ్చారు."

ఫోటోలు తీశారు. గేటుకి పచ్చ బోర్డు తగిలించారు. సంచిలోంచి చేపపిల్లలు వదిలారు. నీళ్లు తక్కువై పక్కకి పడుకుని ఈదుతున్నాయవి. కమిషనరు ఆ దృశ్యానికి చలించి, అక్కడికక్కడే ఆదేశాలిచ్చాడు. "చెరువు మట్టం తగ్గడానికి వీల్లేదు. రోజూ మునిసిపల్ ట్యాంకరుతో నింపండి!"

ఆ రోజునుంచి వీధికి రావాల్సిన ట్యాంకరు రాఘవులు దొడ్డికి రావడం మొదలెట్టింది. గేటు బయట బిందెలతో జనం. గేటు లోపల చెరువుతో రాఘవులు. దొడ్డిలోంచి ఓ బిందె ముంచుకోబోయిన ఆవిడకి, చెరువు నీరు ముట్టుకోవడం నేరమని చంద్రమౌళి బోర్డు చూపించాడు.

వాకింగు సంఘం వాళ్లు చెరువు చుట్టూ నడుస్తామని వచ్చారు. చెరువు చుట్టూ తిరగాలంటే వసారాలోంచి వెళ్లి వంటింటి గుమ్మం ముందు నుంచి రావాలి. అలాగే తిరిగారు. ఒకాయన మూడో చుట్టులో ఆగి, "అమ్మా, పులుసులో ఇంగువ పడలేదల్లే ఉంది," అని చెప్పి వెళ్లాడు.

గోడ పగలూ రాత్రీ తాగుతోంది. వంటగదిలో సున్నం ఇప్పుడు పొక్కులుగా కాదు, పెచ్చులుగా రాలుతోంది. ఓ పెచ్చు తిన్నగా పప్పుగిన్నెలో పడింది.

మంగతాయారు గిన్నె తెచ్చి భర్త ముందు పెట్టింది. "తినండి. పద్ధతి ప్రకారం వచ్చింది."

*

రాఘవులు మళ్లీ వాలు విభాగానికి పరుగెత్తాడు.

"సార్, చెరువు సంగతి తర్వాత. గోడ పడిపోయేలా ఉంది. నా మట్టి దరఖాస్తు ఏమైంది?"

చంద్రమౌళి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నెమ్మదిగా మాట్లాడండి. ఆ దరఖాస్తులో మీరేం రాశారు? దొడ్డిలో మట్టి పోస్తానన్నారు. దొడ్డి ఇప్పుడు చెరువు. చెరువులో మట్టి పోయడం నేరం. అంటే మీ దరఖాస్తు నేరాంగీకార పత్రం. మీ మేలు కోరి దాన్ని అడుగున పెట్టాను."

"మట్టి పొయ్యకపోతే ఇల్లు పోతుంది సార్!"

"ఇంటి గురించి మీకు బెంగ అక్కర్లేదు. రేపు సర్వే ఉంది."

ఆ మాటలో ఓదార్పు ఉందనుకున్నాడు రాఘవులు. అక్కడే పొరబడ్డాడు.

సర్వేవాళ్లు గొలుసులూ, మూడుకాళ్ల యంత్రమూ తెచ్చారు. పూర్తి నీటి మట్టం ఎంతవరకూ వస్తుందో లెక్కగట్టి, నీరు చేరగల చోటల్లా ఎర్రరంగు పూస్తూ వచ్చారు. దొడ్డి దాటారు. వసారా దాటారు. చెప్పులతోనే వంటింట్లోకొచ్చారు.

"ఏంటిది?" అంది మంగతాయారు, గరిటె చేత్తో పట్టుకుని.

"హద్దు గీస్తున్నామమ్మా. కొంచెం జరగండి." చంద్రమౌళి నేల మీద అడ్డంగా ఎర్రగీత గీయించాడు. "మీ పొయ్యి చెరువులో ఉంది. ఫ్రిజ్ ఒడ్డున ఉంది."

"పడకగదో?"

"రక్షిత ప్రాంతం. అందులో మానవ సంచారం ఉండరాదు."

"ముప్ఫై ఏళ్లుగా కాపురం చేస్తున్నాం బాబూ అందులో!"

"అందుకే చట్టం కఠినంగా ఉంది."

వెళుతూ వెళుతూ రాఘవులు చేతిలో కాగితం పెట్టి వెళ్లారు. సారాంశం ఇది. సదరు చెరువును ఆక్రమించి ఇల్లు నిర్మించియున్నారు. వెంటనే తొలగించాలి. లేనియెడల మునిసిపాలిటీయే జేసీబీతో తొలగిస్తుంది.

రాఘవులు వసారాలో కూలబడ్డాడు. టిక్కెట్టు కొనుక్కుని బస్సెక్కినవాణ్ని నడిరోడ్డు మీద దింపేసినట్టుంది అతనికి.

"బావా," అన్నాడు బుల్లెబ్బాయి పక్కన కూర్చుంటూ. ఈసారి గొంతులో వెటకారం లేదు. "ఆవేళ చెప్పాపెట్టకుండా మట్టి తోలించేసుంటే ఎవడు చూసేవాడు? మా దొడ్డి నేను సర్దుకున్నాను. ఎవణ్నడిగాను?"

రాఘవులు చేతిలో కాగితాన్ని ఉండగా నలిపాడు. జీవితంలో మొట్టమొదటిసారి ఓ నియమం మీద అతనికి కోపం వచ్చింది.

*

జేసీబీ వచ్చిన రోజునే తొలకరి కూడా వచ్చింది.

ఆకాశం నల్లగా కమ్మింది. ముందు టపటపా చినుకులు, తర్వాత దబదబా వాన. ఎత్తు రోడ్డు మీంచి నీళ్లు ఉరుకుతూ దొడ్డిలోకి దూకాయి. గంట తిరక్కుండా దొడ్డి నిజంగానే చెరువైంది. చేపపిల్లలు తొలిసారిగా నిటారుగా ఈదాయి.

గేటు బయట కమిషనరు గొడుగు కింద నిలబడ్డాడు. పక్కన చంద్రమౌళి. వెనక ఫోటోగ్రాఫరు. జేసీబీ ముందుకొచ్చి, ఇనుప చెయ్యి పైకెత్తి, వంటగది గోడకి గురిపెట్టింది.

మంగతాయారు ఇంట్లోంచి బయటికి రానని గుమ్మంలో కూర్చుంది. రాఘవులు చేతులు జోడించి నీళ్లలో నిలబడ్డాడు.

"బాబూ, ఒక్క వానాకాలం గడువివ్వండి!"

"చెరువుల విషయంలో రాజీ లేదు," అన్నాడు కమిషనరు. "మీరే చూడండి, ఎంత అద్భుతమైన చెరువో! ఒక్క ఇల్లే అడ్డం."

గుమ్మంలోంచి మంగతాయారు గొంతు లేచింది. "ఏంటి చెరువు? గట్టు లేని చెరువెక్కడైనా ఉందా? మా ఊళ్లో గేదెలు పొర్లే గుంటకి కూడా గట్టుంది! చదువుకున్నారంట చదువు!"

తిట్టు తిట్టులాగే గాల్లో కలిసిపోయేది. కానీ మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డ రాఘవులు చెవిలో అది ఖంగుమని మోగింది.

గట్టు.

అతను వెనక్కి తిరిగి చూశాడు. రోడ్డు మీంచి వచ్చిన నీళ్లన్నీ తన ఇంటిగోడకి కొట్టుకుని ఆగుతున్నాయి. ఇంటి వెనక నేల ఏటవాలుగా దిగిపోతుంది. ఆ దిగువన, ఒకప్పుడు పాత చెరువు ఉన్న పల్లంలో, ఎర్రపెంకుల కప్పు మెరుస్తోంది. కమిషనరుగారి బంగళా.

రాఘవులు చేతులు దించేశాడు. ఎప్పుడో రిటైరైన కండక్టరు గొంతు తన్నుకొచ్చింది.

"ఆపండి! ఒక్క విషయం తేలాలి. సార్, చెరువు అనడానికి నియమాల్లో ఏమేం ఉండాలి?"

చంద్రమౌళికి ప్రశ్న వినపడితే జవాబు చెప్పకుండా ఉండటం చేతకాదు. "పల్లం, నీరు, నీటిని ఆపే గట్టు."

"గట్టు లేకపోతే?"

"అది చెరువు కాదు. నీటి గుంట. ఉద్యమం కిందికి రాదు."

కమిషనరు ఉలిక్కిపడ్డాడు. "గట్టు ఉండే ఉంటుంది! చూడు చంద్రమౌళీ!"

"ఉందండి," అన్నాడు రాఘవులు. "మీకెదురుగానే ఉంది. ఈ నీళ్లని ఆపుతున్నదేంటో చూసుకోండి. ఇది ఇల్లు కాదండీ. గట్టు."

జేసీబీ డ్రైవరు ఇంజను ఆపేసి మెడ చాచాడు.

చంద్రమౌళి నీళ్లలోకి దిగి, గోడదాకా వెళ్లి, రెండు చేతులతో తడిమి చూసి, చిన్నబోయిన ముఖంతో తిరిగొచ్చాడు. "నీటిని ఆపుతున్న మాట వాస్తవమే సార్. నిర్వచనం ప్రకారం గట్టే."

"అయితే?" అన్నాడు కమిషనరు.

"గట్టు తెంపడం, ఆక్రమణకంటే పెద్ద నేరం. బెయిలు కూడా దొరకదు."

"తెంపితే ఏమవుతుంది?"

"నీరంతా ఒక్కసారిగా దిగువకి పోతుంది." చంద్రమౌళి దిగువకి చెయ్యి చూపించాడు. ఆ చెయ్యి ఎర్రపెంకుల మీద ఆగింది. "అక్కడికి."

ఆ చెయ్యి చూపినవైపు కమిషనరు చూశాడు. బంగళా వరండాలో ఆయన భార్య ఆరేసిన అప్పడాలు హడావుడిగా లోపలికి తీసుకెళుతోంది.

"ఆ యంత్రాన్ని వెనక్కి తియ్యండి!" అని గావుకేక పెట్టాడు కమిషనరు.

"అంతేకాదండీ," అన్నాడు రాఘవులు. ఇప్పుడతను వదిలిపెట్టే స్థితిలో లేడు. "గట్టు బలహీనంగా ఉంది. లోపల పెచ్చులు ఊడుతున్నాయి, కావాలంటే రండి చూపిస్తాను. ఈ వానకి తెగిందంటే బాధ్యత ఎవరిది?"

"తాయారమ్మగారూ, గోడ... అదే, గట్టు ఊగుతోందా?" అనడిగాడు చంద్రమౌళి కంగారుగా.

"ఊగుతోందా ఏంటి, ఊయలే!" అంది మంగతాయారు లోపలినుంచి. భర్త ఎటు తోలుతున్నాడో ఆమెకి అర్థమైపోయింది. "మీ బంగళాలోవాళ్లని మంచాలెక్కి కూర్చోమనండి!"

కమిషనరు గొడుగు పక్కకి ఒరిగిపోయింది. "చంద్రమౌళీ! యుద్ధప్రాతిపదికన గట్టు పటిష్ఠం చెయ్యాలి. ఏం కావాలి?"

"మట్టి కావాలి సార్. గట్టు వెంబడి ఎత్తుగా పోసి, గట్టునుంచి దూరంగా వాలు ఇవ్వాలి. పొర్లిపోయే నీటికి అలుగు కట్టాలి. పక్క సందులో కాలవ ఉంది, అటు వదిలెయ్యొచ్చు."

"చెరువులో మట్టి పొయ్యడం నేరం కదండీ?" అన్నాడు రాఘవులు అమాయకంగా.

"చెరువులో పోస్తే నేరం," అన్నాడు చంద్రమౌళి, తెలియనివాడికి చెప్పే ఓపికతో. "గట్టుకి పోస్తే పటిష్ఠీకరణ."

ఇల్లు కూల్చడానికొచ్చిన జేసీబీయే ఆ సాయంత్రం మట్టి ఎత్తింది. ట్రాక్టర్లు వరసకట్టాయి. గోడ వారన మట్టి పోసి, తొక్కించి, సందువైపు వాలుగా సర్దారు. వాలు సరిగ్గా ఉందో లేదో మంగతాయారు వసారాలో నిలబడి చూస్తూ, "ఇటు ఇంకో గంపెయ్యి నాయనా, గట్టు బలంగా ఉండద్దూ!" అని పురమాయించింది. గేటు పక్కన గోడ కింద సందులోకి అలుగు తెరిచారు. నీళ్లు సుళ్లు తిరుగుతూ కాలవలోకి పోయాయి. చేపపిల్లలు కూడా వెళ్లిపోయాయి.

మంగతాయారు రెండునెలల క్రితం చెప్పిన పని, చెప్పింది చెప్పినట్టు, మునిసిపాలిటీ ఖర్చుతో అయింది. నేరేళ్లపేట చరిత్రలో వాలు విభాగం సర్దిన మొదటి దొడ్డి అదే. అయితే రికార్డులో అది దొడ్డి కాదు.

*

ఆ ఏడు వానలు విరగబడి కురిశాయి.

గోడ ఆరింది. మంగతాయారు వంటింటి ఎర్రగీత మీద సున్నం కొట్టించింది. రాఘవులు ఓ విషయానికి మాత్రం అలవాటు పడాల్సొచ్చింది. అతని ఇల్లు ఇప్పుడు గట్టు. రంగు వేయించాలన్నా గట్టు విభాగాన్ని అడగాలి. అతను అడగలేదు. ఓ ఆదివారం బుల్లెబ్బాయి చేత నిచ్చెన పట్టించుకుని, లుంగీ ఎగ్గట్టి, గోడకి తనే నీలంరంగు వేసుకున్నాడు. బుల్లెబ్బాయి నోరు తెరిచి చూశాడు. "బావా! పర్మిషనో?"

"మాట్లాడకుండా డబ్బా అందుకోరా."

ఆ వానాకాలం నడిమధ్యలో, చెరువుల తనిఖీకి పైనుంచి బృందం వస్తోందని కబురొచ్చింది. ముందుగా చూసుకుందామని కమిషనరు, చంద్రమౌళి, ఫోటోగ్రాఫరు గొడుగులేసుకుని పరుగున వచ్చారు. కుండపోతగా కురుస్తోంది. గేటు తీసి చూశారు.

దొడ్డిలో చుక్క నీరు లేదు. పడిన నీరు పడినట్టే వాలు వెంట జారి సందులోకి పోతోంది. చెరువు ఉండాల్సిన చోట మంగతాయారు వేసిన బంతిమొక్కలు తలలూపుతున్నాయి.

కమిషనరు ముఖం పాలిపోయింది. "చెరువేదీ?"

చంద్రమౌళి కర్ర ముంచబోయాడు. ముంచడానికి ఏమీ లేదు. మట్టిలో గుచ్చి, తీసి చూశాడు. "ఎండిపోయింది సార్."

"పట్టణానికున్న ఒక్క చెరువు! ఎండిపోయిందని ఎలా రాస్తాం? చెరువు లేదని రాస్తే ఉద్యమం విఫలమైనట్టు. నీళ్లు మనమే వదిలేశామని రాస్తే మన ఉద్యోగాలు పోయినట్టు." కమిషనరు నియమాల పుస్తకంవైపు చూశాడు. "వానాకాలంలో చెరువు ఎండిపోతే, నియమాల ప్రకారం దాన్నేమంటారు?"

చంద్రమౌళి గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని, తడుస్తున్న పుస్తకం తిరగేశాడు. ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ. అతని కళ్లు మళ్లీ మెరిశాయి.

"వర్షాభావం సార్."

కమిషనరు పైకి చూశాడు. గొడుగు అంచునుంచి ధారగా కారిన నీళ్లు కళ్లద్దాల మీద పడ్డాయి. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, నిబ్బరంగా అన్నాడు. "రాయండి."

ముగ్గురూ దొడ్డి మధ్యలో బిగుసుకుపోయి నిలబడ్డారు. ఫోటోగ్రాఫరు కెమెరాకి నీళ్లు తగలకుండా చొక్కా కప్పుకుని, ఎండిన చెరువు ఫోటో తీయడానికి పాట్లు పడుతున్నాడు.

వసారాలోంచి చూస్తున్న మంగతాయారుకి జాలేసింది. "అయ్యో, తడిసి ముద్దైపోతున్నారు! లోపలికి రండి బాబూ, వేడివేడిగా టీ ఇస్తాను."

"వీల్లేదమ్మా," అన్నాడు కమిషనరు, ముక్కుమీదినుంచి కారుతున్న నీళ్లు తుడుచుకుంటూ. "కరువు పరిశీలనలో ఉన్నాం."